డీవీడీ మైనస్ ఆర్, ప్లస్ ఆర్: పెండ్లి వీడియోకు ఏది?

పెండ్లి వీడియో రాసుకోవడానికి హన్మకొండలో ఖాళీ డిస్కులు కొనబోతే దుకాణంలో రెండు రకాలు చూపించారని, ఏది తీసుకోవాలని ఒకరు అడిగారు. చుట్టాల ఇండ్లల్లోని పాత ప్లేయర్లలో ఆడాలంటే మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్) కొనండి. పయొనీర్ కంపెనీ 1997లో తెచ్చిన రకమిది, పాత ప్లేయర్లు దీన్నే ఎక్కువగా గుర్తుపడతాయి.

సోనీ, ఫిలిప్స్ ఉన్న కూటమి 2002లో ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) తెచ్చింది. డిస్కు మీద లేజర్ నడిచే సన్నని దారిని గాడి అంటారు. మైనస్‌లో రాసే చోటును ఈ గాళ్ల నడుమ ఉండే చిన్న గుంటలు చెప్తాయి. ప్లస్‌లో ఆ సమాచారమంతా గాడి వంకరల్లోనే ఉంటుంది, అందుకే వేగంగా రాసేటప్పుడు లేజర్ దారి తప్పడం తక్కువ. కంప్యూటర్‌లో పెట్టి చూసుకోవడానికి దాచుకునే కాపీకి నేనైతే ప్లస్సే చెప్తాను. బర్నర్ (డిస్కు రాసే డ్రైవ్) ఒప్పుకుంటే ప్లస్ డిస్కుకు బుక్ టైప్‌ను, అంటే ఇది ఏ రకం డిస్కో ప్లేయర్‌కు చెప్పే గుర్తును, 'డీవీడీ రోమ్' అని మార్చి రాయండి, మొండి ప్లేయర్లు కూడా చాలావరకు తీసుకుంటాయి.

రెండింటిలోనూ పట్టేది 4.7 జీబీయే, కంప్యూటర్ లెక్కలో సుమారు 4.38. అంచు దాకా నింపకండి, అప్పగింతల దగ్గరికొచ్చేసరికి బొమ్మ ఆగిపోయేది అక్కడే. 16ఎక్స్ వేగం డిస్కునైనా 8ఎక్స్ వేగంలో రాయండి, చివర ఫైనలైజ్ (వేరే ప్లేయర్లు చదివేలా డిస్కును ముగించడం) తప్పనిసరి. ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే రకం) వద్దు: దాని మీద వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, పాత ప్లేయర్లు చాలావరకు చదవలేవు.

కాగితం స్టిక్కర్ అతికిస్తే బరువు ఒక పక్కకు ఒరిగి డిస్కు అదురుతుంది, సీడీ మార్కర్‌తో రాస్తే చాలు. మన ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి, లోపలి రంగుపొర పాడవుతుంది.