రేడియోకు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మొదటి స్క్రిప్టు చదివాను. "పర్యావరణ పరిరక్షణ మనందరి బాధ్యత" అని మొదలుపెట్టావు చూడు, సగం మంది అక్కడే రేడియో కట్టేస్తారు. పొద్దంతా చేన్లో ఉండి ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని వినేవాళ్లకు బాధ్యతలు గుర్తుచేసే పని మనకెందుకు? మీ చెరువు నీళ్లకు ఈమధ్య బర్రెలు మూతి పెట్టడం లేదని రెండో పేజీలో ఎక్కడో ఇరికించావు. అసలు విషయం అదీ, దాన్ని ముందుకు తీసుకురా. ఏ తూము దగ్గర, ఎప్పటినుంచి, ముందు గమనించింది ఎవరు, ఇవన్నీ ఆ బర్రెలు కాసే మనిషి నోటితోనే చెప్పించి నువ్వు పక్కకు తప్పుకో.

ఇంకోటి. ప్రోగ్రాంకు "వార్తలు" అని పేరు పెట్టకండి. మన దేశంలో కమ్యూనిటీ రేడియో, అంటే మీలాగా ఊరివాళ్లే నడుపుకునే చిన్న స్టేషన్, సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, వాతావరణం, నీళ్ల సరఫరా, కరెంటు, అధికారులు ఇచ్చే హెచ్చరికల్లాంటివి చెప్పుకోవచ్చు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పాక కూడా ఈ ముడి విప్పకపోవడం నా దృష్టిలో అన్యాయమే. అయినా అది అడ్డమని చేతులు ముడుచుకోవద్దు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉంది కదా, 2008 అక్టోబర్ 15న దాన్ని ప్రారంభించింది ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ గారే. బులెటిన్ చదివే గొంతు అక్కడ వినపడదు. విత్తనం ఎలా దాచాలి, యాసంగిలో మంచుకే పండే జొన్న, శనగ సంగతేంటి అని రైతమ్మలే మాట్లాడుకుంటారు, పాటలు పాడుకుంటారు. అలాంటి మాటల్లోనే ఏ విత్తనం కనుమరుగవుతోందో వినేవాళ్లకు తెలిసిపోతుంది. నువ్వు పట్టుకోవాల్సిన దారి అదే.

పక్కనున్న ఫ్యాక్టరీయే కారణమని ఖాయంగా రాసేశావు. ఎవరు చెప్పారు? నీళ్లు ఎవరైనా పరీక్ష చేయించారా, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చారా, ఫ్యాక్టరీ వాళ్లను అడిగారా? అవి తేలేదాకా నీళ్ల రంగు, వాసన, బర్రెలు, అంతవరకే. తొందరపడి పేరు పెట్టావంటే రేపు టెన్షన్ పడేది నువ్వొక్కడివే కాదు, స్టేషన్ మొత్తం.

చెవికి రాస్తున్నావు కాబట్టి "సదరు", "పైన పేర్కొన్న" లాంటివి కొట్టెయ్. మధ్యలో రేడియో పెట్టినవాళ్లకు పైనేముందో ఎలా తెలుస్తుంది? చెరువు పేరు మళ్లీ మళ్లీ చెప్పు, విసుగనిపించినా పర్లేదు. అంకెలు ఒకటికి మించి వద్దు.

మీవాళ్లంతా జీతం లేకుండా వచ్చేవాళ్లే, కోతలు మొదలయ్యాయంటే స్టూడియోలో నువ్వూ ఫ్యానూ మిగులుతారు. అందుకని విత్తన శుద్ధి, వేప కషాయం లాంటివి కొన్ని ఇప్పుడే రికార్డు చేసి పెట్టుకోండి. అలిగి ఎవర్నీ మాట అనకు, పైసా తీసుకోకుండా వచ్చిన మనిషి ఒకసారి మొహం తిప్పుకుంటే మళ్లీ రావడం కష్టం.

ఈసారి స్క్రిప్టు పంపకు, ఆ కాపరితో మాట్లాడిన రికార్డింగే పంపు. చెరువు కట్ట మీద గాలి బాగా కొడుతుంది, మైకుకు పల్చటి గుడ్డ చుట్టి, గాలికి వీపు పెట్టి నిలబడు.

మీ అన్న