థండర్‌బర్డ్ మెయిల్ యాప్‌లో ప్రతి ఫోల్డర్‌కీ మళ్లీ మళ్లీ సార్ట్ చేయాల్సి వస్తోందా?

కొత్త మెయిల్స్ పైన కనబడకపోయినా, అవి ఎక్కడికీ పోలేదు. థండర్‌బర్డ్ ప్రతి ఫోల్డర్ వరుసనూ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఇన్‌బాక్స్‌లో సరిచేసినా, మిగతా నలభై ఫోల్డర్లలో కొత్త మెయిల్ పాత థ్రెడ్ (ఒకే సంభాషణలోని మెయిల్స్ గుంపు) కిందే నక్కి ఉంటోంది.

1. ముందు ఇన్‌బాక్స్ తెరవండి. మెసేజ్ లిస్ట్ పైన కుడి మూల బటన్ నొక్కి టేబుల్ వ్యూ (మెయిల్స్ పట్టికలా కనిపించేది) పెట్టండి.

అందరూ వదిలేసేది ఇదే. 2023లో 115 వెర్షన్‌తో వచ్చిన కార్డ్స్ వ్యూ (ఒక్కో మెయిల్ ఒక్కో కార్డులా కనిపించేది) చూడ్డానికి బాగుంటుంది కానీ, అందులో కాలమ్ హెడర్లు, అంటే పైన ఉండే నిలువు వరుసల పేర్లు, ఉండవు. మూడో స్టెప్‌లో కావాల్సిన బటన్ ఆ హెడర్ల వరుసలోనే ఉంటుంది. మాదాపూర్ ఆఫీసులో నేనూ దానికోసం ఒక పూటంతా సెట్టింగ్స్ గాలించాను. అలా దాచిపెట్టడం ఏం డిజైనో!

2. అదే మెనూలో సార్ట్ బై: డేట్, డిసెండింగ్ (కొత్తవి పైన), అన్‌థ్రెడెడ్ (మెయిల్స్ గుంపులుగా కాకుండా విడివిడిగా).

3. హెడర్ల వరుస కుడి చివర ఉన్న చిన్న బొమ్మ నొక్కండి. 'అప్లై కరెంట్ వ్యూ టు', తర్వాత 'ఫోల్డర్ అండ్ ఇట్స్ చిల్డ్రన్' (ఆ ఫోల్డర్, దాని లోపలి ఫోల్డర్లు) ఎంచుకోండి. పక్కనే ఉండే 'అప్లై కాలమ్స్ టు' కాదండీ, దానితో కాలమ్స్ మాత్రమే మారతాయి.

4. ఇన్‌బాక్స్ కాదు, మీ అకౌంట్ పేరే ఎంచుకోండి. కన్ఫర్మ్ చేయమంటే ఓకే.

రెండో అకౌంట్ ఉంటే దానికీ ఇలాగే చేయాలి. కార్డ్స్ వ్యూ ఇష్టమైతే ఆ తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు.