స్కోరు సంగతి తర్వాత, ముందు రిపోర్ట్ తీసి చదవండి

నల్గొండ, మిర్యాలగూడ, వనపర్తి, ఎటు నుంచి అమెరికా వచ్చిన పిల్లలైనా నెల తిరగకముందే అడిగేది ఒక్కటే: "అన్నా, క్రెడిట్ స్కోరు ఎట్ల పెంచాలె?" తమ్ముడూ, బిల్లులు టైముకు కట్టి, కార్డు లిమిట్‌లో కొంచెమే వాడుకుంటే స్కోరు దానంతటదే పెరుగుతది. చూసుకోవాల్సింది క్రెడిట్ రిపోర్ట్, అంటే మీ అప్పులు, కార్డులు, వాటిని ఎట్ల కట్టారో రాసి ఉండే చిట్టా. దాన్ని మాత్రం ఎవరూ తెరవరు.

ఇండియాలో సిబిల్ స్కోరు 800 ఉన్నా మామూలుగా ఇక్కడ లెక్కలోకి రాదు, సున్నా నుంచి మొదలు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు సంస్థలు ఎవరికి వారే మీ ఫైలు పెడతాయి, ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండాలని లేదు. ఇక్కడ బ్యాంకులు ఎక్కువగా చూసే ఫైకో స్కోరు రావాలంటే కనీసం ఆరు నెలల ఖాతా ఉండాలి, మూడో నెలకే టెన్షన్ పడొద్దు. మూడు రిపోర్టులూ యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా వస్తాయి. స్కోరు అందులో ఉండదు. అలాంటి పేరుతోనే వేరే సైట్లు కూడా ఉంటాయి, కార్డు నంబర్ అడిగిందంటే అది అసలుది కాదు.

తెరవగానే ముందు పేరు, అడ్రస్ చూడండి. మన పేర్లతోనే సగం గొడవ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని చేరుతుంది, బ్యాంకు ఒకలా రాస్తుంది, ఫోన్ కంపెనీ ఒకలా రాస్తుంది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఒకే అపార్ట్‌మెంట్ అడ్రస్‌లో ఉంటే ఒకరి అప్పు ఇంకొకరి ఫైల్లోకి వచ్చే ప్రమాదం కూడా ఉంది. ప్రతి ఖాతా మీదేనా కాదా అని ఒక్కొక్క వరుస చదవండి.

తప్పు దొరికితే? పట్టా పాస్‌బుక్‌లో పేరు తప్పుపడితే మండలాఫీసు చుట్టూ తిరిగి, తెలిసిన లీడర్‌తో ఫోన్ చేయించుకున్నట్టు ఇక్కడ ఎవరినీ బతిమాలే పని లేదు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం మీరు డిస్ప్యూట్, అంటే ఇది తప్పు అని అభ్యంతరం, పెడితే మామూలుగా 30 రోజుల్లో, కొన్ని సందర్భాల్లో 45 రోజుల్లో ఆ సంస్థలు విచారించాలి, రుజువు కానిదాన్ని తీసేయాలి, ఏం తేలిందో మీకు రాసి పంపాలి. పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు కానీ నాకు ఉత్తరం మీదే నమ్మకం: కాపీలు జతచేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో, తప్పున్న ప్రతి సంస్థకూ, ఆ సమాచారం పంపిన బ్యాంకుకూ. తేలకపోతే సీఎఫ్‌పీబీకి, అంటే ఇక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ ప్రభుత్వ సంస్థకు, ఫిర్యాదు చేయండి. నిజంగానే కట్టడం ఆలస్యమైతే మాత్రం ఏ డిస్ప్యూటూ పనిచేయదు, ఏడేళ్లు ఉంటుంది. "క్రెడిట్ రిపేర్ చేస్తం, ముందు డబ్బులు పంపండి" అనే కంపెనీలను నమ్మకండి, పని చేయకముందే డబ్బు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు.

రిపోర్ట్ చూసి అప్పుగానీ అపార్ట్‌మెంట్‌గానీ ఇవ్వబోమని అంటే ఏ సంస్థ రిపోర్ట్ చూశారో చెప్పి తీరాలి, 60 రోజుల్లోపు అడిగితే ఆ కాపీ మీకు ఉచితం. ఉద్యోగమిచ్చే కంపెనీ చూడాలన్నా మీరు ఒప్పుకుంటూ రాసివ్వాలి. కార్డులు వచ్చేశాక మూడు చోట్లా ఫ్రీజ్ పెట్టుకోండి, అంటే మీ పేరున ఎవరూ కొత్త అప్పు తీయకుండా ఫైలుకు తాళం, 2018 నుంచి అది కూడా ఉచితమే, అవసరమైనప్పుడు తీసేయొచ్చు.

రూమ్మేట్ల సంగతి వేరే చెప్పాలి. కరెంటు బిల్లు మీ పేరున ఉండి, అందరూ ఖాళీచేసి తలా ఒక రాష్ట్రానికి పోతే ఆ బాకీ కలెక్షన్ ఏజెన్సీకి పోయేది మీ పేరు మీదే. వాళ్ల నోటీసు వస్తే పక్కన పడేయకండి, 30 రోజుల్లోపు ఈ బాకీ నాది కాదనో, రుజువు చూపించమనో రాస్తే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. మనోడే కదా అని కారు లోన్‌కు కోసైన్ చేస్తే, అంటే పూచీగా సంతకం పెడితే, అతను ఎగ్గొట్టిన రోజు మొత్తం అప్పు మీదే.

ఇంటి దగ్గరిది అసలు మర్చిపోవద్దు. ఎడ్యుకేషన్ లోన్‌లో నాన్న కో-అప్లికెంట్ అయితే మీరు తప్పిన ఈఎంఐ ఆయన సిబిల్‌లో కూడా పడుతుంది, రేపు ట్రాక్టర్ లోన్‌కు బ్యాంకుకు పోతే అక్కడ అడ్డం పడుతుంది, ఎందుకో ఆయనకు అర్థం కూడా కాదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికొక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి, తప్పు మీద ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం. నాన్న ఫోన్‌లో చెల్లెతో తీయించండి. మారటోరియం, అంటే ఈఎంఐ మొదలుకాకముందు ఇచ్చే గడువు, ఎప్పటిదాకా ఉందో సాంక్షన్ లెటర్‌లో చూసి, డాలర్లు చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి, రెండు ఈఎంఐల డబ్బు ముందే ఆ ఖాతాలో వేసి ఉంచండి.