కాగితాల పెట్టెలో హార్డ్‌డిస్క్ పెట్టకండి

ప్రశ్న: మేడ మీద రేకుల గదిలో ఉంటాను. మధ్యాహ్నం పూట ఎస్‌ఎస్‌డీలోకి (చిప్పుల్లో ఫైళ్లు దాచే డిస్కు) ఫైళ్లు కాపీ చేస్తుంటే స్పీడ్ పడిపోతోంది. ఎండ తగలకుండా థర్మోకోల్ డబ్బాలో పెడితే ఇంకా నెమ్మదించింది. ఏ మెటీరియల్ చుట్టాలి? – ఒక విద్యార్థి, కొత్తగూడెం

జవాబు: ఏదీ చుట్టకండి. బయటి వేడిని లోపలికి రానివ్వని థర్మోకోల్, లోపలి వేడిని బయటికీ పోనివ్వదు. పనిచేస్తున్న ఎస్‌ఎస్‌డీ తనంతట తానే వేడెక్కుతుంది, ఆ వేడి ఒక హద్దు దాటగానే వేగం తగ్గించుకుంటుంది. రబ్బరు తొడుగుంటే తీసేసి స్టీలు పళ్లెం మీద పెట్టి, ఫ్యాను గాలి తగలనివ్వండి. పెద్ద కాపీలు తెల్లవారుజామున పెట్టుకోండి. వేడి బయటికి పోవాల్సిన వస్తువుకు అందం కోసం రబ్బరు కోటు తొడిగి అమ్మడం ఏం డిజైనో నాకు అర్థం కాదు.

ఇంకో మాట. ఎస్‌ఎస్‌డీని ఆ గదిలోనే నెలల తరబడి వాడకుండా పడేయకండి. చిప్పులకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రకారం, ఎంత డేటా రాయొచ్చో ఆ పరిమితి అయిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలిపితే చాలు. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తరిగిపోతుంది.

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పదకొండేళ్ల పెళ్లి వీడియోలు ఆరు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. షార్ట్‌సర్క్యూట్ భయంతో ఫైర్‌ప్రూఫ్ పెట్టె కొన్నాను. గంటసేపు మంటల్లో ఉన్నా ఏమీ కాదని దాని మీద రాసుంది. అన్నీ అందులో పెట్టేస్తే నిశ్చింతేనా? – నరసరావుపేట

జవాబు: కాదండీ. ఈ ఎండాకాలంలో ఇదే ప్రశ్న నాకు రావడం ఇది నాలుగోసారి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ గంట లెక్క కాగితాల కోసం వేసింది. అమెరికాలోని యూఎల్ సంస్థ పరీక్షలో, కాగితాల పెట్టె లోపల వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే పాసైనట్టే. అదే కంప్యూటర్ డిస్కుల పెట్టెకైతే లోపల 52 డిగ్రీలు, తేమ 80 శాతం దాటకూడదు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి.

లోపల జరిగేది ఇదీ. పెట్టె గోడల మధ్య జిప్సమో, నీరు పట్టి ఉంచే కాంక్రీటో నింపుతారు. ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సమే, దాని బరువులో ఐదో వంతు నీళ్లే. మంట తగలగానే ఆ నీరు ఆవిరై పోతూ వేడిని మింగేస్తుంది. ఆ నీరున్నంత సేపూ లోపల నూరు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, ఆవిరి మాత్రం నిండిపోతుంది. అంటే అచ్చం ఇడ్లీ పాత్ర. అందులో కాగితం బతుకుతుంది, డిస్కు ఉడుకుతుంది.

రెండేళ్ల కిందట మా వీధి చివరి జిరాక్స్ షాపు కాలిపోతే, చల్లారాక అలాంటి పెట్టె తెరిచేటప్పుడు పక్కనే ఉన్నాను. అద్దె అగ్రిమెంటు చెమ్మగిల్లి అంచులు వంకర తిరిగినా, స్టాంపు ముద్రతో సహా చదవగలిగాం. దాని కిందున్న హార్డ్‌డిస్క్ ప్లాస్టిక్ తొడుగు మధ్యలో గుంటపడింది. స్టిక్కర్ ఊడి పెట్టె మూతకు అంటుకుంది. వంచి చూస్తే యూఎస్‌బీ సాకెట్‌లోంచి నీటిబొట్టు జారింది. ఏ వస్తువుకు, లోపల ఎన్ని డిగ్రీలకు ఈ హామీ అన్నది గంట లెక్క రాసినంత పెద్ద అక్షరాల్లోనే రాయాలి. రాయకుండా అమ్మడం మోసమనే అంటాను.

డిస్కుల కోసం చేసిన పెట్టెలు వేరే ఉంటాయి. వాటిలో ఆవిరి చొరబడకుండా రబ్బరు సీలుతో మరో పెట్టె ఉంటుంది. బరువూ, ధరా రెండూ ఎక్కువే. అయితే ఎంత మంచి పదార్థమైనా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. విమానం బ్లాక్‌బాక్స్‌లో మెమరీ చిప్పులను పొడి సిలికాతో కప్పి, ఉక్కు లేదా టైటానియం కవచంలో బిగిస్తారు. 1100 డిగ్రీల మంటను గంటసేపు తట్టుకోవాలని నిబంధన. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో అలాంటి రికార్డర్లు రెండున్నాయి. తోక వైపున్నది బాగా దెబ్బతిని మామూలు పద్ధతిలో డేటా ఇవ్వలేదు. ముందు వైపున్నది ఇచ్చింది. మీ ఆరు డిస్కులూ ఒకే పెట్టెలో ఉంటే మీకు ఆ రెండోది లేనట్టే.

నిప్పు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. ఆ చిన్న పెట్టెను ఒంటి చేత్తో ఎత్తుకుపోవచ్చు. అది నిప్పుకు చేసిన పెట్టె, దొంగకు కాదు. వేడికి చెడిన డిస్కును రికవరీ షాపుకిస్తే, అది ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు. అందులో ఉన్నది మీ సొత్తు కూడా కాదు. వందల ఇళ్ల ఆడపిల్లల ఫొటోలు, ఆల్బమ్ ఆర్డర్‌తో పాటు తీసుకున్న ఆధార్ కాపీలు. పాస్‌వర్డ్ లేని డిస్కులో అవన్నీ ఉంచుకుని మంటల గురించి మాత్రమే అడిగారని నాకు కోపంగానే ఉంది. ముందు ఆరు డిస్కులూ ఎన్‌క్రిప్ట్ చేయండి, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా తాళం వేయండి. పాస్‌వర్డ్ మరిచిపోతే తెరవడానికి అప్పుడు ఒక పొడవాటి రికవరీ కీ ఇస్తారు. చాలామంది ఆ రికవరీ కీని ఫోన్‌లో ఫొటో తీసి, ఆ ఫొటోను అదే డిస్కులో దాచుకుంటారు. డిస్కు పోతే కీ కూడా పోతుంది.

మీ పెట్టె వృథా ఏం కాలేదు. రికవరీ కీని కాగితం మీద పెన్సిల్‌తో, తడికి చెదరకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి అందులో పెట్టండి. డిస్కుల రెండో కాపీని మాత్రం స్టూడియోలో కాకుండా వేరే ఊళ్లో అన్నయ్య ఇంట్లోనో, అత్తగారింట్లోనో నేల అంతస్తులో ఉంచండి.