ఫిషర్ మంటకు సిట్జ్ బాత్.. నీళ్లలో డెటాల్ కలపాలా?

ప్రశ్న: నా వయసు 36. మాది దిల్‌సుఖ్‌నగర్. నెల రోజులుగా మలవిసర్జనప్పుడు గాజుపెంకుతో కోసినట్టు నొప్పి, తర్వాత గంటసేపు మంట. డాక్టర్ ఫిషర్ అని చెప్పి ఆయింట్‌మెంట్ రాశారు, రోజూ సిట్జ్ బాత్ తీసుకోమన్నారు. ఎలాగో అడగడానికి సిగ్గేసింది. మా అద్దింట్లో ఇండియన్ టాయిలెటే ఉంది. నీళ్లలో డెటాల్ వేయాలా, ఉప్పు వేయాలా? – ఒక సోదరి

జవాబు: రెండూ అక్కర్లేదమ్మా. సిట్జ్ బాత్ అంటే పిరుదులు మునిగేలా గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోవడమే. ఇక్కడ పనిచేసేది ఆ నీళ్లే. ఫిషర్ అంటే మలద్వారం అంచున చర్మం చీరుకుపోవడం. ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. బిగుసుకుంటే రక్తప్రసరణ తగ్గి పుండు మానదు, నొప్పీ వదలదు. వెచ్చదనానికి ఆ కండరం వదులవుతుంది. డెటాల్ తగిలితే చీరిన చర్మం ఇంకా మండుతుంది. పొటాషియం పర్మాంగనేట్ కూడా సొంతంగా వేసుకోకండి, మోతాదు ఎక్కువైతే చర్మం కాలుతుంది.

మెడికల్ షాపుల్లో అమ్మే సిట్జ్ టబ్ వెస్టర్న్ కమోడ్ మీద అమర్చుకునేది, మీకు పనికిరాదు. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో వెడల్పాటి టబ్ కొనండి. అంచు పలచగా ఉంటే తొడలకు ఒరుసుకుంటుంది, మడత అంచున్నది చూడండి. సబ్బుతో కడిగి బాత్రూంలో గోడ పక్కన నేలమీద పెట్టుకోండి. అందులో బట్టలు నానబెట్టొద్దు.

ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేణ్నీళ్లు కలపండి. కూర్చుంటే పిరుదులు మునిగితే చాలు. వేడి 37–40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి కానీ థర్మామీటర్ కోసం వెతక్కండి. మోచేయి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. హీటర్ రాడ్ వాడేవాళ్లు నీళ్లు బకెట్లోనే కాచి, ప్లగ్ పీకాకే ముట్టుకోండి. టబ్‌లో రాడ్ పెట్టే మాటే వద్దు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు, వాళ్లకు ఇంట్లో ఇంకొకరు నీళ్లు చూసి ఇవ్వాలి.

కాళ్లు టబ్ బయట పెట్టి 10–15 నిమిషాలు ముక్కకుండా కూర్చోండి. రోజుకు రెండు మూడుసార్లు, అందులో ఒకటి మలవిసర్జన అయిన వెంటనే. ఫోన్ బయటే వదిలేయండి, లేదంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది! వేడికి బీపీ తగ్గి కళ్లు తిరగొచ్చు కాబట్టి గోడ పట్టుకుని నెమ్మదిగా లేవండి. మెత్తటి నూలుబట్టతో అద్దాలి, రుద్దకూడదు. తడి ఆరాకే ఆయింట్‌మెంట్.

ఇంత చేసినా మలం గట్టిగా వస్తే మానిన చోటే మళ్లీ చీరుతుంది. నా దగ్గరికి తిరిగొచ్చే చాలామంది కథ ఇదే. జొన్నరొట్టె, ఆకుకూరలు, పండ్లు తినండి, నీళ్లు బాగా తాగండి. రాత్రి ఇసబ్గోల్‌ను పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోండి. మిర్చి బజ్జీ, బిర్యానీలోకి మిర్చీ కా సాలన్ కొన్నాళ్లు పక్కన పెట్టండి.

కొత్త ఫిషర్ చాలావరకు ఆరు వారాల్లో మానుతుంది. మీకు నెలైంది కాబట్టి ఇంకో రెండు వారాలు చూసి, తగ్గకపోతే సర్జన్‌ను కలవండి. గోడల మీద పోస్టర్లు చూసి ‘ఒక్క ఇంజెక్షన్‌తో మాయం’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. జ్వరం, చీము, వాపు వచ్చినా, రక్తం ధారగా పడినా, మలం నల్లగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

– జనరల్ సర్జన్, హైదరాబాద్