గోదాము బండికి లిథియం బ్యాటరీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడ్చల్ దగ్గర మాకొక గోదాము ఉంది. బిస్కెట్లు, సబ్బులు, టీ పొడి నిల్వ చేస్తాం. సరుకును ఎత్తి అరల్లో పెట్టే మూడు టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్టులు మూడున్నాయి. వాటిలో రెండు రోజుకు ఆరేసి గంటలు పనిచేస్తాయి. మూడోది లారీలు ఎక్కువగా వచ్చిన రోజున రెండు గంటలు తిరిగితే గొప్ప. పై అరల్లోని అట్టపెట్టెల మీద వేలు పెడితే మసి అంటుకుంటోందని సరుకు యజమానులు గొడవ చేస్తున్నారు. మూడింటినీ తీసేసి లిథియం బ్యాటరీ బండ్లు కొనమని అమ్మకందారు అంటున్నాడు. లాభమేనా? – ఒక గోదాము యజమాని, మేడ్చల్

జవాబు: రెండింటిని మార్చండి. మూడోదాన్ని ప్రస్తుతానికి ఉంచుకోండి, కానీ కప్పు కిందికి రానివ్వకండి; వాకిట్లో లారీల పనికి మాత్రమే వాడండి.

ఇలా ఎందుకంటున్నానో లెక్కతో చెబుతాను. మూడు టన్నుల డీజిల్ బండి గంటకు సుమారు మూడు లీటర్లు తాగుతుందనుకుందాం. ఆరు గంటలకు 18 లీటర్లు, లీటరు ₹95 చొప్పున రోజుకు ₹1,710, ఏడాదికి 300 పనిదినాలైతే ₹5,13,000. అదే పనికి బ్యాటరీ బండి గంటకు ఆరు యూనిట్ల దాకా వాడుతుంది. చార్జింగులో పోయే భాగం కూడా కలుపుకుంటే రోజుకు 40 యూనిట్లు, యూనిట్ ₹9 అనుకున్నా ₹360, ఏడాదికి ₹1,08,000. అంటే ఒక్కో బండి మీద ఏడాదికి నాలుగు లక్షలు మిగులుతుంది. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, రేడియేటర్ పనులు తప్పిన ఖర్చు దీనికి అదనం. రెండు గంటలు తిరిగే బండి మీద మిగిలేది మహా అయితే ఇందులో మూడో వంతు. కొత్త బండికి మీరు అదనంగా పెట్టే ధరను ఈ అంకెలతో భాగిస్తే, ఏ బండి ఎన్నేళ్లలో తన ధర తాను తీర్చుకుంటుందో తేలిపోతుంది. నా అంకెలు తీసేసి మీ డీజిల్ చీటీలు, మీ కరెంటు బిల్లు పెట్టుకుని లెక్క వేయండి.

ఆ లెక్క వేసే ముందు మీటరు సంగతి ఒకటి గమనించాలి. డీజిల్ బండి గంటల మీటరు ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఆపరేటరు బిల్లు మీద సంతకం కోసం లారీ పక్కన నిలబడ్డ పావుగంట కూడా అందులో పడుతుంది. బ్యాటరీ బండి నిలబడినప్పుడు దాని మోటార్లు ఆగిపోతాయి. కాబట్టి మీ ఆరు గంటల్లో అసలు పని ఎంతో ఒక వారం పాటు చీటీ మీద రాయించి చూడండి. చాలా గోదాముల్లో ఆ అంకె యజమాని ఊహించిన దానికంటే తక్కువే వస్తుంది.

ఇక బ్యాటరీ పరిమాణం. ఈ తరగతి బండ్లకు సాధారణంగా 80 వోల్టుల బ్యాటరీ వస్తుంది. 400 ఆంపియర్ అవర్లదైతే అందులో 32 యూనిట్లు పడతాయి (80ని 400తో గుణించి వెయ్యితో భాగించాలి); అడుగంటేదాకా వాడకుండా ఉంటే 27 యూనిట్లు చేతికొస్తాయి. మీ ఆరు గంటల పనికి కావలసింది 36. అమ్మకందారు చెప్పే ‘ఒక్క చార్జింగుతో ఎనిమిది గంటలు’ అనే మాటను ఇక్కడే నిలదీయాలి. తక్కువ పడ్డ తొమ్మిది యూనిట్లకు పెద్ద బ్యాటరీ కొననక్కర్లేదు. 100 ఆంపియర్ల చార్జరు గంటకు ఎనిమిది యూనిట్లు ఎక్కిస్తుంది. భోజన విరామం గంట, టీ విరామాలు రెండు పావుగంటలు కలిస్తే 12 యూనిట్లు వస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఈ పద్ధతి కుదరదు. దానికి ఎనిమిది గంటలు చార్జింగ్, మరో ఎనిమిది గంటలు చల్లారే సమయం కావాలి, సెల్సుల్లో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, పైగా చార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలినా పేలుతుంది కాబట్టి గాలాడే గది వేరుగా చూపాలి. లిథియం ఖరీదెక్కువైనా, చార్జరును లారీలు ఆగే డాక్ పక్కనే పెట్టుకోగలగడం దాని అసలు సుఖం.

అయితే రెండు చార్జర్లూ భోజనం వేళకే కలిసి మొదలైతే మీ కనెక్షను మీద ఒక్కసారిగా దాదాపు 20 కిలోవాట్ల భారం పడుతుంది. మీరు విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న లోడు దాటితే బిల్లులో అపరాధ రుసుము కనబడుతుంది. బండికి అడ్వాన్సు ఇచ్చే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లోడు, ఎర్తింగు చూపించండి. చార్జర్లను రేకుల కప్పుకు ఆనుకుని బిగించవద్దు. మే నెల మధ్యాహ్నం అక్కడి వేడికి బ్యాటరీని కాచుకునే బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ బోర్డు చార్జింగును తగ్గించేస్తుంది, తప్పు మాత్రం బ్యాటరీ మీదికి పోతుంది.

మసి గురించి ఒక్క మాట. అది అట్టపెట్టెల మీద పడుతోందంటే మీ మనుషుల ఊపిరితిత్తుల్లోకీ పోతోందనే అర్థం. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. దీనికి బదులు గ్యాసు బండి పెడదామని ఎవరైనా సలహా ఇస్తే, దాని మసి కంటికి కనబడదు గానీ రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గోదాములో పేరుకుంటుందని చెప్పండి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నిర్వహణ చూస్తాను. మా దగ్గర రెండున్నర టన్నుల పాత బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టు ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ పాడైంది. అదే పెట్టెలో లిథియం బ్యాటరీ అమర్చి తక్కువలో ముగిస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? – ఒక నిర్వహణ ఇంజినీరు, భీమవరం

జవాబు: ముందు బండి మీదున్న నేమ్‌ప్లేటును గుడ్డతో తుడిచి చదవండి. ఎత్తగల బరువుతో పాటు, బ్యాటరీ బరువు కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని అందులో ఉంటుంది. మీ మెకానిక్ ఆ గడి చదివాడా అన్నదే నా మొదటి సందేహం.

ఫోర్క్‌లిఫ్టు ఒక తక్కెడ వంటిది. ముందు చక్రాలు దాని ఇరుసు. ఒకవైపు సరుకు, మరోవైపు బండి వెనుక భాగం. వెనుక బరువులో పెద్ద వాటా బ్యాటరీదే. మీ 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ టన్నుకు దగ్గరగా తూగుతుంది. అంత పని చేసే లిథియం బ్యాటరీ విడిగా మూడు వందల కిలోలు కూడా ఉండకపోవచ్చు. మిగిలిన బరువును ఉక్కు దిమ్మలతో పూరించి, అవి పెట్టెలో కదలకుండా బోల్టులతో బిగించకపోతే బండి తన సామర్థ్యం కోల్పోతుంది. దీన్ని ఆపరేటరు ముందుగా స్టీరింగులో కనిపెడతాడు: ఫోర్క్‌లిఫ్టు వెనుక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి, వెనుక తేలికైతే చక్రం తిప్పినా బండి మాట వినదు. సరుకు పేర్చిన పలక, అంటే ప్యాలెట్, పైకెత్తి ఉన్నప్పుడు ఇలా జరిగితే బండి ముందుకు బోర్లాపడుతుంది. అందువల్ల బ్యాటరీ మొత్తం బరువు ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి, బండి తయారీదారు అంగీకారం అడగండి, చార్జరును కూడా మార్పించండి. లెడ్ యాసిడ్ చార్జరుతో లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు.

మీ ప్లాంటుకు మరో సంగతి ఉంది. ఇలాంటి బండ్లలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్సును సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే, లోపల లిథియం లోహంలా పేరుకుని సెల్సు శాశ్వతంగా దెబ్బతింటాయి. మైనస్ 18 డిగ్రీల గదిలో పనిచేసి వచ్చిన బండిని వెంటనే చార్జరుకు తగిలించకూడదు. హీటరు ఉన్న బ్యాటరీ తీసుకోండి, పని లేనప్పుడు బండిని శీతల గదిలో నిలపవద్దు, బయటికి వచ్చాక కనెక్టరు మీద పట్టే చెమ్మను తుడిచాకే ప్లగ్గు పెట్టించండి. విడిచిన పాత బ్యాటరీని తుక్కు వ్యాపారికి ఇవ్వకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారులదే.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డీజిల్ బండి నడుపుతున్నాను. వచ్చే నెల కంపెనీ బ్యాటరీ బండి ఇస్తోంది. కొత్తగా ఏం నేర్చుకోవాలి? – ఒక ఆపరేటరు, విశాఖపట్నం

జవాబు: సరుకును పైకెత్తే నిలువు చట్రం (మాస్ట్), లివర్లు మీకు తెలిసినవే. మీ కాలే కొత్త అలవాటు నేర్చుకోవాలి. యాక్సిలరేటరు మీద కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేసి బండిని నెమ్మదింపజేస్తుంది, ఆ శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. డీజిల్ బండి అలవాటుతో ఆలస్యంగా, గట్టిగా బ్రేకు నొక్కితే ప్యాలెట్ మీది సరుకు జారవచ్చు. మొదటి రెండు రోజులు ఖాళీ ప్యాలెట్‌తో నడపండి.

అంతకన్నా పెద్ద మార్పు శబ్దం. ఇన్నాళ్లూ మీ ఇంజిన్ చప్పుడు విని హమాలీలు పక్కకు తప్పుకున్నారు, ఇక ఆ చప్పుడు ఉండదు. అరల మూల మలుపుల్లో ఆగి హారన్ కొట్టండి, బండికి ముందు నేల మీద నీలి వెలుగు పడే దీపం బిగించమని కంపెనీని అడగండి, తొలి రోజున హమాలీలందరినీ పిలిచి బండి ఎంత నిశ్శబ్దంగా వస్తుందో వాళ్ల వెనుక నుంచే ఒకసారి నడిపి చూపించండి.