ప్రీపెయిడ్ మీటర్ ఫారం మీద సంతకం పెట్టే ముందు పాత బకాయి తేదీ చూసుకోండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక ఊరండి. నాన్నగారి డాబా, కింద ఒక సర్వీసు పైన ఒక సర్వీసు, రెండూ ఇంకా ఆయన పేరునే ఉన్నాయి, ఆయన పోయి ఏడేళ్ళయింది. పై వాటాలో అద్దెకున్నోళ్ళు 2021లో కరెంటు బిల్లులు కట్టకుండా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు, ఆ నవంబర్లో పై సర్వీసు తీసేశారు. అమ్మకి ఉబ్బసం, రోజూ నెబ్యులైజర్ పెట్టాలి, తమ్ముడు కువైట్లో ఉండి పట్టించుకోడు. ఇప్పుడు లైన్‌మెన్ వచ్చి పై బకాయి 31,480 కట్టకపోతే కింద ఫ్యూజు పీకేస్తాం, లేదంటే ప్రీపెయిడ్ మీటర్ పెట్టించుకోండి, రీచార్జి చేసినప్పుడల్లా కొంచెం కొంచెం పట్టుకుంటారు అంటున్నాడు. పోయిన నెల అతని చేతికి 3,000 ఇచ్చాను. పిన్నేమో పక్కనే ఉన్న వాళ్ళింట్లోంచి వైరు లాక్కోమంటుంది. ఈ బకాయి మా కింద బిల్లులో మొన్న మార్చిలోనే మొదటిసారి కనపడింది. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ఇంత ఉత్తరంలో కేసు తేల్చే ముక్క ఒక్కటే, అది మీరు చిట్టచివర రాశారు. మార్చిలోనే మొదటిసారి కనపడింది అన్నారు చూడండి, అదీ పాయింటు. తమ్ముడు డబ్బు పంపుతున్నాడా, అద్దెవాళ్ళు ఎలా మోసం చేశారు ఇవన్నీ పక్కన పెట్టండి, వాటితో ఫ్యూజు ఆగదు.

విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 56(2) ఉంది. బకాయి మొదటిసారి కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్ళు దాటిపోతే దాని కోసం కరెంటు తియ్యకూడదు, మధ్యలో ఆ బకాయిని వరసగా చూపిస్తూ వస్తే తప్ప. మీది 2021 బకాయి కాబట్టి ఎంత ఆలస్యంగా లెక్కేసినా 2023 చివరికి రెండేళ్ళు అయిపోయాయి. 2020లో సుప్రీంకోర్టు కూడా ఈ గడువు దాటాక కరెంటు తీసే అధికారం ఉండదనే చెప్పింది, అయితే వేరే దారిలో వసూలు చేసుకోవడానికి అడ్డం లేదని కూడా అంది. అంటే బాకీ మాసిపోయిందని కాదు, దాని కోసం ఫ్యూజు పీకే హక్కు పోయింది. విడిగా దావా వేస్తే దాని గడువు దానికుంటుంది, మామూలు బాకీ దావాకి మూడేళ్ళు.

ఇక సాక్ష్యం. కరెంటాఫీసు వాళ్ళేమంటారంటే, పై సర్వీసు లెడ్జర్లో (ఖాతా పుస్తకంలో) ప్రతి నెలా బకాయి చూపిస్తూనే ఉన్నాం అంటారు. అందుకని రెండు సర్వీసుల లెడ్జర్ కాపీ 2021 నుంచి ఇప్పటిదాకా ఇమ్మని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ దగ్గరున్న కింది బిల్లులన్నీ ఇవాళే తీసి జిరాక్స్ చేయించండి. ఆ స్పాట్ బిల్లింగ్ చీటీల మీద అచ్చు ఎక్కువ కాలం నిలవదండి, మొన్న ఒకాయన భద్రంగా ప్లాస్టిక్ కవర్లో దాచానని తెచ్చాడు, సగానికి పైగా తెల్ల కాగితాలే, గోటితో గీస్తే నల్లగీత పడుతుంది గానీ అంకె ఒక్కటీ లేదు.

ఇప్పుడు ప్రీపెయిడ్ సంగతి. మీటర్ చెడ్డదని నేననను, పైగా సెక్షన్ 47(5) ప్రకారం ప్రీపెయిడ్‌కి ఒప్పుకున్నవాళ్ళని సెక్యూరిటీ డిపాజిట్ అడక్కూడదు. భయమల్లా ఆ ఫారంతో పాటు పెట్టే ఒప్పుకోలు కాగితం గురించే. 'నేను ఇంత బకాయి ఉన్నాను, రీచార్జిలోంచి పట్టుకోండి' అని రాసి మీరు సంతకం పెట్టారంటే గడువు దాటిన బాకీకి కూడా కొత్తగా ప్రాణం పోసినట్టే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) ప్రకారం అలాంటి రాతపూర్వక వాగ్దానం చెల్లుతుంది. రెండేళ్ళుగా మీ వైపున్న బలం ఆ ఒక్క సంతకంతో పోతుంది. ఇంకోటి, 500 రీచార్జి చేస్తే అందులో పాత బాకీకి కొంత పోగా మిగిలిందే కరెంటుకి, బ్యాలెన్స్ అయిపోతే సరఫరా ఆగుద్ది, నెబ్యులైజర్ ఉన్న ఇంట్లో అది కుదరదు. మీటర్ మార్చుకుంటే మార్చుకోండి, బకాయి కాలమ్ సున్నా ఉంటేనే సంతకం పెట్టండి.

పిన్ని గారు చెప్పిన వైరు మాట మాత్రం అస్సలు వద్దు. వాళ్ళ సర్వీసు వాళ్ళింటికి ఇచ్చింది, దాన్ని మీ ఇంటికి వాడితే సెక్షన్ 126 కింద అనధికార వాడకం, ఎప్పట్నుంచో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలు లెక్కగట్టి రెండింతల రేటు వేస్తారు, అదీ పిన్ని గారి మీద. స్తంభం మీద కొక్కెం వేస్తే ఇక దొంగతనమే, సెక్షన్ 135, జైలు కూడా ఉంది. ఏడేళ్ళుగా సర్వీసులు నాన్నగారి పేరునే ఉంచేశారు, చేతికి 3,000 ఇచ్చి రసీదు తీసుకోలేదు, ఏంటమ్మా ఇది? రసీదు లేని డబ్బు లెడ్జర్లో ఉండదు, అది ఇచ్చినట్టు మీరు ఎక్కడా నిరూపించలేరు.

చెయ్యాల్సింది చెప్తాను. లైన్‌మెన్ నోటిమాట నోటీసు కాదు, సెక్షన్ 56(1) ప్రకారం పూర్తి 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది రాకముందే మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, పై బకాయి 56(2) ప్రకారం గడువు దాటింది, ఒప్పుకోవట్లేదు, కింది సర్వీసు నెలవారీ బిల్లు కడుతూనే ఉంటాను అని. కౌంటర్లో ఈ నెల బిల్లు వరకే తీసుకోమంటే తీసుకోకపోతే డీడీ తీసి అదే పోస్టులో పంపండి. మరీ ఒత్తిడి పెడితే అభ్యంతరం తెలుపుతూ డిపాజిట్ చెయ్యడానికి 56(1)లోనే దారుంది, అడిగిన మొత్తమా, గత ఆరు నెలల సగటు మీద లెక్కా, రెంట్లో ఏది తక్కువైతే అది కడితే వివాదం తేలేదాకా కరెంటు తియ్యకూడదు. పై సర్వీసు డిపాజిట్ ఎంతుందో, బకాయిలో ఎందుకు సర్దలేదో కూడా అడగండి. ఆ తర్వాత మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సీజీఆర్ఎఫ్‌కి, అంటే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి, ఫిర్యాదు పెట్టండి, అక్కడ కుదరకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లెడ్జర్లో నెలనెలా వరసగా బకాయి చూపించినట్టు తేలితే మాత్రం వాదించకండి, వాయిదాలు అడగండి, అప్పుడు ప్రీపెయిడ్ కూడా ఆలోచించొచ్చు.

ఫిర్యాదుతో పాటు అమ్మగారి డాక్టర్ చీటీ, నెబ్యులైజర్ కొన్న బిల్లు జిరాక్స్‌లు జతచేసి, ఇది తేలేవరకు కరెంటు తియ్యొద్దని మధ్యంతర ఉత్తర్వు అడగండి. అమ్మగారి జబ్బు సంగతి రాయాల్సింది అక్కడ.